డెబ్బై అయిదు శాతం బేరం

మా వైపు కళాశాలల్లో కొత్తగా చేరిన అధ్యాపకుడికి కుర్చీ కంటే ముందు దొరికేది అనుశాసన్ ప్రభారం. విద్యార్థుల క్రమశిక్షణ చూసే బాధ్యతకు బస్తర్‌లో ఆఫీసు పేరు అది. పాతవాళ్ళెవరూ ముట్టుకోరు కాబట్టి కొత్తవాడి మెడలో పడుతుంది. నా మెడలో పడ్డది పదవీ విరమణ రోజున గానీ దిగలేదు. ఎవరో బలవంతం చేశారని అనను. అందులో బేరం ఉంది. బేరం ఉన్న చోటు నుంచి లేచి రావడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ఈ మధ్య కొత్త పోస్టింగుల మీద వచ్చిన కుర్రవాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారు. "సార్, గట్టిగా ఉండాలా? చూసీ చూడనట్టు పోవాలా?" అందరిదీ ఒకటే ప్రశ్న. ఫోన్‌లో నవ్వి తప్పించుకున్నాను. ఆ తప్పించుకున్న జవాబు ఇక్కడ రాస్తున్నాను. చదివాక ధైర్యం వస్తుందని మాత్రం పూచీ ఇవ్వను. అమ్మిన సరుకు వాపసు తీసుకునే అలవాటు మాకు లేదు.

కొట్టులో చదువు

మాది కోంటాలో బట్టల కొట్టు. నాన్న గద్దె మీద కూర్చుంటే నేను పక్కన పుస్తకం తెరిచి కూర్చునేవాణ్ణి. చెవులు మాత్రం బేరం మీద ఉండేవి. ఊళ్ళోవాళ్ళు వస్తే నాన్న చెప్పే ధర ఒకటి, ఇచ్చే ధర ఇంకొకటి. ఆ రెండింటి మధ్య ఉన్నదంతా మాటలే. ఒట్లు, అలకలు, లేచిపోవడాలు, వెనక్కి పిలవడాలు, మధ్యలో పిల్లల క్షేమం అడగడాలు. బేరం ముగిసేసరికి ఇద్దరూ నష్టపోయినట్టు మొహాలు పెట్టి సంతోషంగా విడిపోయేవారు.

సంతరోజున అడవి దాటి లోపలి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ధర అడుగుతారు, వింటారు. కుదిరితే ఇస్తారు. కుదరకపోతే విప్పిన చీరను అవే మడతల మీద మళ్ళీ మడిచి పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోతారు. వెనక్కి పిలిచినా తిరగరు. తన నోటితో చెప్పిన ధరను తనే తగ్గించుకునే మనిషిని చూస్తే వాళ్ళకు సిగ్గేస్తుందో ఏమో. అందుకే నాన్న కొట్టులో పనివాళ్ళను హెచ్చరించేవాడు: "లోపలోళ్ళకు మొదలే అసలు ధర చెప్పుండ్రి. వాళ్ళు అడగరు, లేచి పోతరు."

ఇది దయ అనుకోకండి. గిరాకీ పోతుందన్న భయం. ఒకటే మాట అని చెప్పి తూకంలో లాగినవాళ్ళు మా బజారులో ఉన్నారు, మా బంధువుల్లోనూ ఉన్నారు.

నేను ఎం.కామ్ చదివి, కామర్స్ చెప్పే ఉద్యోగంలో చేరి, కొట్టు వాసన వదిలించుకున్నాననుకున్నాను. వాసన అలాగే ఉంది. వదిలింది నాన్న చెప్పిన ఆ ఒక్క హెచ్చరిక.

తాళం వేసినాయన, తీసినాయన

నా మొదటి ప్రాచార్యుడికి, అంటే ప్రిన్సిపాల్‌కి, నియమమంటే ప్రాణం. కిరండూల్ రైలు దారి వైపున ఒక కళాశాల. మొదటి గంట కొట్టగానే గేటుకు తాళం. ఇనుప గని కంపెనీ క్వార్టర్ల పిల్లలు నాలుగడుగులు నడిస్తే వచ్చేవారు. వాళ్ళకు తాళం ఉందన్న సంగతే తెలియదు. ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల బస్సు గంట కొట్టాక గానీ రాదు. బస్సువాళ్ళతో మాట్లాడదామన్నాను. గంట కాస్త జరుపుదామన్నాను. "సేఠ్‌జీ, ఇది దుకాణం కాదు" అన్నాడాయన.

కొన్నాళ్ళు ఆ పిల్లలు గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఎదుటి టీకొట్టులో కూర్చున్నారు. తర్వాత రావడం మానేశారు. మా కళాశాలలో ఆలస్యంగా వచ్చే అలవాటు పూర్తిగా పోయిందని ప్రాచార్యుడికి పైనుంచి మెప్పు వచ్చింది. నిజమే, పోయింది.

ఆయన తర్వాత వచ్చినాయన నియమమన్న మాటే ఎత్తేవాడు కాదు. గేటు తాళం ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తుండేది కాదు. ఇప్పుడు అందరూ ఒకటే అవుతారని సంబరపడ్డాను. కాలేదు. ముందు బెంచీలు, లైబ్రరీలో మంచి పుస్తకాలు, వార్షికోత్సవంలో మైకు, అన్నీ గొంతున్న బజారు పిల్లల పాలయ్యాయి. మళ్ళీ రావడం మొదలుపెట్టిన ఊళ్ళ పిల్లలు వెనక గోడకు ఆనుకుని కూర్చున్నారు.

ఈ ఇద్దరినీ చూశాక, మధ్యలో ఒక దారి ఉందనీ, దాని పేరు బేరమనీ, అది నాకు పుట్టుకతో వచ్చిందనీ నిర్ణయించుకున్నాను.

మోల్‌భావ్ సర్

నా పద్ధతి చెబుతాను. కొత్త నోటీసు వచ్చిన రోజు వరండాలో నిలబడి కళ్ళెర్రజేసి చదివేవాణ్ణి. చివర "ఒక్కర్ని కూడా వదలను" అనేవాణ్ణి. తర్వాత స్టాఫ్ రూమ్‌లో కూర్చుని గిరాకీ కోసం ఎదురుచూసేవాణ్ణి. వచ్చేవారు. ఒక కాంట్రాక్టరు కొడుకుండేవాడు. క్లాసులో మాట్లాడుతుంటే వాడి ఫోను లాక్కున్నాను. బెల్లు కొట్టగానే గుమ్మంలో ఉన్నాడు.

"సార్, ఫోనియ్యండి సార్. మా అమ్మ పరేషాన్ అయితది."

"నెల తర్వాత రా."

"నెలనా! వారం జేయండి సార్."

"వారమైతే తోటకు నీళ్ళు పోస్తవా?"

"పోస్త సార్. రేపొక్కదినం పోస్త, రేపే ఇయ్యండి."

"నీకు చదువెందుకురా? మా నాయిన ఉంటే నిన్ను గద్దె మీద కూచోబెట్టేటోడు."

మర్నాడు ఫోను ఇచ్చేశాను. తోటకు నీళ్ళందాయి, నియమానికి మర్యాద మిగిలింది, వాడి తల్లికి కొడుకు గొంతు వినపడింది. ఇలా ఏళ్ళ తరబడి ఆ కళాశాల తోట నా బేరాల మీద పచ్చగా బతికింది. పిల్లలు నాకు మోల్‌భావ్ సర్ అని పేరు పెట్టారు. బేరాల సారు అన్నమాట. వినపడనట్టు నటించేవాణ్ణి. ఇంటికి వెళ్ళి మా ఆవిడకు గొప్పగా చెప్పుకునేవాణ్ణి. "మీకు పేరు పెట్టారా, వెల కట్టారా?" అనేది ఆవిడ.

రాని మనిషి

ఉద్యోగం చివర్లో సుక్మా వైపు ఒక కళాశాలకు వచ్చాను. ఏ ఊరో చెప్పను. అక్కడి ప్రాచార్యుడు ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి. డిగ్రీ చివరి ఏడాది పరీక్షల ముందు ఆయన నోటీసు పెట్టాడు: డెబ్బై అయిదు శాతం హాజరు లేనివాళ్ళు పరీక్షకు కూర్చోకూడదు. నేను అలవాటు ప్రకారం వరండాలో నిలబడి చదివాను. హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. "కారణాలు నాకు చెప్పొద్దు. ఒక్కర్ని కూడా వదలను" అన్నాను. మా బజారు భాషలో దాని అర్థం, కారణాలు పట్టుకుని త్వరగా రండి అని.

వచ్చారు. ఒకడు జ్వరం తెచ్చాడు, ఒకడు అక్క పెళ్ళి తెచ్చాడు, ఒకడి మేనమామ ఏదో పార్టీ కండువాతో స్వయంగా వచ్చాడు. ఏడాదంతా మొహం చూపించనివాడు కూడా నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకడికి అదనపు క్లాసులు, ఒకడికి వ్యాసం, ఒకడికి తోట. అందరి కాగితాల మీదా సిఫారసు రాసి సంతకం పెట్టాను. చివరికి ఒక్క పేరు మిగిలింది. కుంజం భీమె.

ఆమెది ఎర్రబోరు దాటి చాలా లోపలికి పోయే ఊరు. ఇంట్లో దోర్లి, సంతలో తెలుగు, క్లాసులో హిందీ. వెనక బెంచీలో కూర్చునేది. జవాబులు పెద్ద పెద్ద అక్షరాలతో తిన్నగా రాసేది. వానాకాలంలో వాగు పొంగితే ఆ ఊరికి దారి ఉండదు. ఇంటికి వెళ్ళిన మనిషి నీళ్ళు దిగేదాకా అక్కడే. ఆమె హాజరు ఆ వాగులో పోయింది. ఆ మాట నా దగ్గరికొచ్చి చెప్పి ఉంటే బేరం కూడా ఆడకుండా సంతకం పెట్టేవాణ్ణి. ఆమెకు ఆ పరీక్ష అందరిలాంటిది కాదు. ఏళ్ళ తరబడి మూతబడిన వాళ్ళ ఊరి బడి ఆ ఏడే మళ్ళీ తెరిచారు. ఇంటి భాష వచ్చిన టీచరు కావాలన్నారు, డిగ్రీ ఉండాలన్నారు. ఆ ఊళ్ళో డిగ్రీ అంచు దాకా వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఈ పరీక్ష రాస్తే ఆ బడి ఆమెది.

హాస్టల్లో ఆమెతో ఉండే పిల్లను పిలిచి అడిగాను. "భీమె ఏది?"

"పోయింది సార్."

"ఎప్పుడొస్తది?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "పెట్టె గూడ తీస్కపోయింది సార్. మీరు వరండల చెప్పిన దినమే పోయింది."

అప్పుడు గుర్తుకొచ్చింది, కొట్టులో మడతల మీద మడిచిపెట్టిన చీర.

ప్రాచార్యుడి గదికి పరుగెత్తాను. పరీక్షకు కూర్చోనివ్వనివాళ్ళ జాబితా పైకి పంపకండి, ఆ పిల్లను తీసుకొస్తానన్నాను. "తీసుకురండి, చూద్దాం" అని నవ్వాడు. కొననివాడు కొట్టు దిగుతూ అనే మాట అది. బట్టల కొట్టులో పెరిగినవాణ్ణి, నాకు తెలియాలి. తెలియనట్టు బయలుదేరాను.

ఇప్పపువ్వు ఎండబోసిన వాకిలి

ఎర్రబోరులో బస్సు దిగి, తెలిసినవాళ్ళ మోటారుసైకిలు మీద దారి ఉన్నంత వరకూ పోయి, మిగిలింది నడిచాను. ఇప్పపువ్వు రాలే కాలం. పొద్దున ఏరుకొచ్చిన పువ్వును భీమె, ఆమె తండ్రి ముత్తయ్య వాకిట్లో ఎండబోస్తున్నారు. నన్ను చూసి భీమె లేచి, చేతులు చీరకు తుడుచుకుని నిలబడింది.

"ఏంది సార్, ఇంత దూరమొచ్చిండ్రు?"

"నీకోసమే వచ్చిన. పద, పరీక్ష రాద్దువు."

"నాకు హాజరు లేదు గద సార్."

"అది నేను జూసుకుంట."

"మీరే చెప్పిండ్రు గద. ఒక్కర్ని గూడ ఇడవనని."

"అట్లనే చెప్తమమ్మా. అందరికీ అట్లనే చెప్తం. తర్వాత వచ్చి అడగాలె."

"ఏమని అడగాలె?"

"ఇడిసిపెట్టమని."

"అయితే మీరు చెప్పింది అబద్ధమా సార్?"

"అబద్ధం గాదు. నియమమే."

"నియమమైతే నేనొచ్చి రాసుడు తప్పు గదా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ మంత్రి బంధువూ నన్ను ఇలా గోడకు ఆనించలేదు. అంతలో ముత్తయ్య మంచినీళ్ళు తెచ్చి నా మొహం పరీక్షగా చూశాడు.

"మీరు కోంటా బట్టల సేటు కొడుకు గదా?"

"అవునన్నా."

"మీ నాయిన మాకు ఒకటే మాట చెప్పేటోడు."

కూతురితో దోర్లిలో ఏదో మాట్లాడాడు. సారు ఇంత దూరం నడిచి వచ్చాడు కాబట్టి వెళ్ళమంటున్నాడని అర్థమైంది. భీమె పెట్టె తేవడానికి లోపలికి పోతూ గుమ్మంలో ఆగింది.

"నిజంగ రాయనిస్తరా సార్?"

"రాయనిస్తరు" అన్నాను. సరుకు నాదైనట్టు.

బస్సులో పాఠం

తిరుగు బస్సులో ఆమెకు బేరం నేర్పాను. క్లాసులో కామర్స్ చెప్పినప్పుడు కూడా అంత శ్రద్ధగా చెప్పలేదు.

"గదిలోకి పోంగనే తల దించు. తప్పయింది, ఒక్క అవకాశమియ్యండి అను."

"నా తప్పేంది సార్? వాగొచ్చింది."

"తప్పు లేకున్నా అనాలె. వాళ్ళకు అది ఇనబుద్ధయితది."

"తప్పు లేకుండ తప్పంటే, రేపు బడిల పిల్లలకు ఏం జెప్పాలె?"

"ముందు బడి రానీ తల్లీ."

నవ్వింది. అంతకు ముందు ఆ పిల్ల నవ్వగా నేను చూడలేదు. "సరే. కాదంటే?"

"మొదట కాదనే అంటడు. అది చెప్పే మాట, అసలు మాట గాదు. నువ్వు తలుపు కాడనే నిలబడాలె. నిలబడినోళ్ళకు దొరుకుతది."

తప్పయిందన్న మాటకు నేను చెప్పిచ్చిన హిందీ వాక్యాన్ని ఆమె పెదవుల కింద మళ్ళీ మళ్ళీ అనుకుంటూ కూర్చుంది. పరీక్ష పాఠం వల్లె వేసినట్టే.

ఒక్క పేరు

ప్రాచార్యుడి ముందు ఆమె నేర్పినట్టే చేసింది. తల దించింది. "సర్, గల్తీ హో గయీ. ఏక్ మౌకా దీజియే" అంది. తప్పయింది, ఒక్క అవకాశం ఇవ్వండి అని. చెప్పి చేతులు జోడించింది. అది నేను నేర్పింది కాదు.

ఆయన నవ్వుతూనే విన్నాడు. "బేటీ, నియమం నా చేతిలో లేదు" అన్నాడు. ఆమెను బయట కూర్చోమని చెప్పి, నాకు కుర్చీ చూపించాడు.

"మీరు తెలివైనవారు, మీకు చెప్పాలా? జాబితా ఖాళీగా పంపితే పైవాళ్ళు ఏమంటారు? ఈ కాలేజీలో నియమాలే లేవంటారు. ఒక్క పేరైనా ఉండాలి కదా."

"అయితే వేరే పేరు పెట్టండి. ఏడాదంతా రానివాళ్ళున్నారు."

"వాళ్ళ కాగితాల మీద మీ సిఫారసు ఉంది. మీరే వదిలేశారు."

ఉన్న సరుకంతా ఆయన ముందు పరిచాను. ఆమె హాజరు లెక్క నేనే తప్పు వేశానని రాసిస్తానన్నాను. వాగు సంగతి చెప్పాను, బడి సంగతి చెప్పాను. ప్రభారం వదిలేస్తానని బెదిరించాను. "మీరు వదిలితే ఎవరు తీసుకుంటారండీ?" అని హాయిగా నవ్వాడు. ఆయన దేన్నీ చేత్తో ముట్టుకుని కూడా చూడలేదు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. మిగతావాళ్ళను నేను వదలగలిగింది, వదలడానికి వీల్లేని ఒకరు చివర మిగులుతారన్న ధైర్యం మీదే. మా కళాశాల ఎంత కట్టుదిట్టమో చూపించడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎప్పుడూ అడగడం రాని ఊరి నుంచే వస్తుంది.

బయటికి వచ్చాను. భీమె వరండాలో పెట్టె పక్కన నిలబడి ఉంది.

"సార్, ఇప్పుడు ఆ సారు చెప్పింది చెప్పే మాటనా, అసలు మాటనా?"

నేను మూసి ఉన్న ఆ తలుపు వైపు చూశాను.

"చెప్పుండ్రి సార్. నిలబడాల్నా, పోవాల్నా?"

అసలు మాట అని నాకు తెలుసు. "నిలబడు" అన్నాను. నాకు ఇంకేమీ రాదు.

నిలబడింది. మధ్యాహ్నమంతా ఆ తలుపు పక్కనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు, కూర్చుంటే బేరం పోతుందేమోనని. సాయంత్రం ప్రాచార్యుడు గది తాళం వేసుకుని బయటికి వచ్చి, "నమస్తే బేటీ" అని నవ్వి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఆమె కారు గేటు దాటేదాకా చూసింది. తర్వాత పెట్టె ఎత్తుకుంది. బస్టాండు దాకా మోస్తానంటే ఇవ్వలేదు. బస్సు కిటికీ పక్కన కూర్చుని "పోయొస్త సార్" అంది, మర్యాదగా. ఆ తర్వాత రాలేదు.

మరుసటి ఏడు ప్రైవేటుగా కట్టి రాయొచ్చని ఎర్రబోరు సంతలో వాళ్ళ ఊరివాళ్ళతో కబురు పంపాను. జవాబు లేదు. మూడోసారి ధర మార్చి చెబుతున్న మనిషికి జవాబేమిటి? ఆ బడికి మైదాన ప్రాంతం నుంచి ఒకాయన్ని వేశారు. దోర్లి రాదు, తెలుగూ రాదు. వచ్చిన రోజు వస్తాడు, రాని రోజు రాడు. ఆయన హాజరు శాతం లెక్కపెట్టే నోటీసు ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు.

గేటు బయట

ఫోన్ చేసిన కుర్రవాళ్ళకు నా జవాబు ఇంతే. గట్టిగా ఉన్న కళాశాలలో పనిచేశాను, గేటు బయట ఉండిపోయింది ఆ పిల్లలే. వదిలేసిన కళాశాలలో పనిచేశాను, వెనక గోడకు చేరింది ఆ పిల్లలే. మధ్య దారి కనిపెట్టానని మురిసిపోతే, ఆ దారిలో పెట్టె మోసుకుంటూ పోయింది కూడా ఆ పిల్లల్లో ఒకతే. ఇంకో పద్ధతి ఉందేమో నాకు తెలియదు. లోపలివాళ్ళకు మొదలే అసలు మాట చెప్పండి అని నాన్న మాటే మీకూ చెబుదామనుకున్నాను. కానీ అసలు మాట మీ చేతిలో ఉండదు. పై గదిలో నవ్వుతూ కూర్చుని ఉంటుంది.

ఈ ఏడు పరీక్షల ముందు పెన్షన్ కాగితం పని మీద ఆ కళాశాలకు వెళ్ళాను. గేటు దగ్గర చౌకీదారు ఆపాడు. బయటివాళ్ళకు తరగతుల సమయంలో ప్రవేశం లేదని బోర్డు. ఆ బోర్డు పెట్టించింది నేనే.

"ఏంది భాయ్, నన్ను గూడ ఆపుతవా?"

"నియమం సార్. మీరే పెట్టిండ్రు."

"అయిదు నిమిషాలు. ఆఫీసు గదికి పోయొస్త."

"పదకొండు దాటినంక రాండ్రి సార్."

"ఆఫీసుకు గాదు, చెట్టు కిందికి పోయి కూచుంట."

"చెట్టు గూడ లోపలనే ఉంది గద సార్."

బేరం కుదిరేలాగే ఉంది. వాడు నవ్వుతున్నాడు, నేనూ నవ్వుతున్నాను. ఇంతలో వరండా మీదికి నా ప్రభారం తీసుకున్న కొత్త అధ్యాపకుడు వచ్చాడు. మొన్న నాకు ఫోన్ చేసిన కుర్రవాడే. కాగితం తీసి హాజరు నోటీసు చదివాడు. చివర కళ్ళెర్రజేసి, అచ్చం నా గొంతుతో, "కిసీ కో నహీ ఛోడూంగా" అన్నాడు. ఒక్కర్ని కూడా వదలనని.

గుంపు విడిపోయింది. ముందు నిలబడ్డవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ స్టాఫ్ రూమ్ వైపు నడిచారు. వెనక నిలబడ్డ ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు ఏమీ అనకుండా హాస్టల్ వైపు తిరిగారు. వాళ్ళను పిలవాలి, పేర్లు తెలియవు. ఊచల మధ్య నుంచి చెయ్యి ఊపాను. వాళ్ళు అటు తిరిగి ఉన్నారు.

"గేటు తియ్యి" అన్నాను.

"ఇంకో మాట చెప్పుండ్రి సార్" అని చౌకీదారు సరదాగా నవ్వాడు, బేరం ఇంకా నడుస్తోందనుకుని.